మిద్దె అమ్మే వేళ

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఈ రెండు కార్యాలలోని కష్టాన్ని ఎరిగి చెప్పిన ఆ లోకోక్తి ఇల్లు అమ్మడాన్ని గురించి మాత్రం ఏమీ చెప్పలేదు. అందుకు కారణం లేకపోలేదు. ఒకప్పుడు పల్లెలలో ఇల్లు అమ్మకపు వస్తువు కాదు. అది తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించేది. ధాన్యం అమ్మేవారు, ఎద్దులను అమ్మేవారు, గత్యంతరం లేనప్పుడు పొలమూ అమ్మేవారు. ఇల్లు అమ్మవలసి రావడం మాత్రం తలవంపుగా భావించేవారు. అటువంటి ఇల్లు ఇప్పుడు బేరానికి వస్తున్నది. అనంతపురం పీఠభూమిలో ఈ మార్పుకు మొదటి కారణం వాన.

ఈ ప్రాంతం వర్షచ్ఛాయలో ఉన్నది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల ఆవలనే తమ బరువును చాలావరకు దించుకొని వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పుతీరం నుంచి ఇంతదూరం వచ్చేసరికి బలహీనపడతాయి. ఏడాది మొత్తంలో కురిసే సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో పెద్దవాటా సెప్టెంబరు నెలది. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తరువాత అతి తక్కువ వాన పడే జిల్లాగా అనంతపురాన్ని తరచు పేర్కొంటారు. 2022 ఏప్రిల్‌లో ఈ జిల్లా అనంతపురము, శ్రీ సత్యసాయి అనే రెండు జిల్లాలుగా విడిపోయింది. పటంలో గీత మారినది గాని మేఘం దారి మారలేదు. వేరుశనగ వరుసగా రెండేళ్లు ఎండిపోతే రైతు కుటుంబం అప్పులలో పడుతుంది. మూడో ఏట ఇంట్లో ఒకరో ఇద్దరో బెంగుళూరు దారి పడతారు. అనంతపురం పట్టణం నుంచి ఆ నగరం రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నది. మధ్యలో 44వ నంబరు జాతీయ రహదారి. మొదట మగవారు పోతారు. తరువాత భార్యాబిడ్డలు పోతారు. చివరకు ఊరిలో ముసలివారు, తాళం వేసిన ఇల్లు మిగులుతాయి. ఆ తాళాన్ని ఎవరికి అప్పగించాలి, ఏ ధరకు అప్పగించాలి అన్న ప్రశ్న అప్పుడు వస్తుంది.

ఇంటి ధరను నిర్ణయించే కారణాలలో కొన్ని ఇంటివారి చేతిలో ఉండవు. పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం నెలకొల్పుతారని 2017లో ప్రకటన వెలువడగానే చుట్టుపక్కల స్థలాలకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. 2019లో కార్లు తయారై బయటకు రావడం మొదలైనది. అంతకుముందు ఎవరూ కన్నెత్తి చూడని ఇళ్లను అద్దెకైనా, కొనుగోలుకైనా అడిగేవారు బయలుదేరారు. పుట్టపర్తి కథ దీనికి భిన్నమైనది. 1950లో ప్రశాంతి నిలయం ప్రారంభమైన నాటి నుంచి ఆ చిన్న పల్లె పట్టణంగా పెరిగింది. దేశవిదేశాల నుంచి వచ్చే భక్తుల కోసం వసతి గృహాలు, బహుళ అంతస్తుల భవనాలు లేచాయి. 2011 ఏప్రిల్‌లో సత్యసాయిబాబా నిర్యాణం చెందిన తరువాత రాకపోకలు పలచబడి, ఇళ్ల గిరాకీ తగ్గింది. 2022లో ఆ పట్టణం జిల్లా కేంద్రమైనది. ఇల్లు అదే, గోడలు అవే. కర్మాగారం ఒకచోట విలువను పెంచింది, ఒక మహనీయుని మరణం మరొకచోట దానిని తగ్గించింది. వీటిని ఏ గృహస్థుడూ శాసించలేడు. అతని చేతిలో ఉన్నది ఒక్కటే: కొనవచ్చిన మనిషి గడప దాటి లోపల అడుగుపెట్టినప్పుడు ఏమి చూస్తాడు, ఏమి వింటాడు అన్నది.

ఇంటిని అమ్మకానికి అలంకరించడం అమెరికాలో ఒక వృత్తిగా ఎదిగినది. 1970 దశకంలో సియాటిల్ ప్రాంతానికి చెందిన బార్బ్ ష్వార్జ్ అనే మహిళ దీనికి ప్రాచుర్యం కల్పించింది. నాటకానికి రంగస్థలాన్ని సిద్ధం చేసినట్లు ఇంటిని సిద్ధం చేయాలన్నది ఆమె ఊహ. అక్కడ ఈ పని చేసేవారు ఇంటివారి ఛాయాచిత్రాలను గోడల మీద నుంచి తీసివేస్తారు; కుర్చీలు, మంచాలు అద్దెకు తెచ్చి అమరుస్తారు. చూడవచ్చినవాడు ఆ ఇంట్లో తన సంసారాన్ని ఊహించుకోవాలన్నది దీనిలోని కిటుకు. తెలుగునాట ఈ విద్యకు వేరే పేరు అవసరం లేకపోయింది. సంక్రాంతికి, ఉగాదికి ఇల్లు వెల్లవేయడం, పెళ్లిచూపులకు ముందు ముంగిలి అలికి ముగ్గు పెట్టడం ఇక్కడ ప్రతి ఇల్లాలికీ తెలిసిన పనులే. ‘ఇల్లు చూసి ఇల్లాలిని చూడు’ అన్న సామెత పుట్టిన నేల ఇది. అయితే పండుగ ముస్తాబుకు, అమ్మకపు ముస్తాబుకు ఒక తేడా ఉన్నది. పండుగనాడు వచ్చిన చుట్టం భోజనం చేసి వెళ్లిపోతాడు. ఇల్లు కొన్నవాడు ఆ గోడల మధ్య వర్షాకాలం గడపవలసి ఉంటుంది.

ముస్తాబు ఖాళీ చేయడంతో మొదలవుతుంది. కరువు ప్రాంతపు రైతు ఇంట్లో ఏ వస్తువునూ పారవేయరు. కాలిపోయిన మోటారు, బోరులో నుంచి తీసిన తుప్పుపట్టిన గొట్టాలు, చుట్టలు చుట్టిన డ్రిప్పు పైపులు, విరిగిన మడక, ఎద్దులు పోయినా మిగిలిన కాడి, చిరిగిన గోనెసంచులు - ఇవన్నీ ఏనాటికైనా పనికివస్తాయన్న ఆశతో పంచలోను, అటక మీద, గాటిపాటిలోను పేరుకొని ఉంటాయి. ఇది పిసినారితనం కాదు. ఒక్కొక్క వస్తువు వెనుక ఒక్కొక్క అప్పు ఉన్నది. కాని కొనవచ్చినవాడికి అందులో కనిపించేది ఇరుకు మాత్రమే. నాలుగు అంకణాల ఇల్లు రెండు అంకణాలదిగా కనిపిస్తుంది. పాత ఇనుము కొనేవాడికి వేసినది వేసి, బంధువులకు ఇచ్చినది ఇచ్చి, మూలలు బయటపడేటట్లు చేస్తే పైసా ఖర్చు లేకుండా ఇల్లు పెద్దదవుతుంది. ఇంటివారి ఛాయాచిత్రాల విషయంలో మాత్రం అమెరికా పద్ధతిని ఇక్కడ అనుసరించనక్కరలేదు. గోడ మీద తాత పటం, దానికి దండ ఉన్న ఇంటిని ఈ ప్రాంతపువారు పరాయిదిగా చూడరు. నిలకడగా కాపురమున్న ఇల్లని నమ్ముతారు.

తరువాతి పని గోడలకు సున్నం కొట్టడమని చాలామంది భ్రమపడతారు. నిజానికి పని పైనుంచి మొదలుకావాలి. రాయలసీమ పాత ఇల్లు అంటే మట్టిమిద్దె. రాతిగోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటిపై పుల్లలు, ఆకులు పరచి మట్టి కప్పుతారు. అన్నిటికంటె పైన చౌడు పోసి చదును చేస్తారు. పొలంలో పంటను పాడుచేసే చౌడు మిద్దె మీద ఇంటిని కాపాడుతుంది. దీనిలో ఒక శాస్త్రసూత్రం ఇమిడి ఉన్నది. చౌడుమట్టిలో సోడియం లవణాలు అధికంగా ఉంటాయి. తడిసినప్పుడు దానిలోని బంకమట్టి రేణువులు విడిపోయి, సన్నని రంధ్రాలలోకి చేరి వాటిని మూసివేస్తాయి. అందువల్ల నీరు లోపలికి ఇంకదు. పొలంలో నీరు ఇంకకపోవడం శాపం. మిద్దె మీద అదే వరం. అయితే ఎండకు చౌడు బీటలు వారుతుంది, గాలికి లేచిపోతుంది, వానకు కొంత కొట్టుకొనిపోతుంది. అందుచేత వానలు పడకముందే కొత్త చౌడు పోయవలసి ఉంటుంది. మిద్దె మీద మొలచిన గడ్డిని వేళ్లతో సహా తీయాలి. వేరు పోయినదారినే నీరు పోతుంది. నీరు కిందికి జారే దోనెలలో పేరుకున్న ఆకులను తీసివేయాలి. దూలాలను, దంతెలను కర్రతో తట్టి చూడాలి. చెదలు తిన్న కొయ్య బోలుగా మోగుతుంది. అటువంటి దంతెను మార్చకుండా దాని కింద రంగుకాగితపు తోరణాలు కట్టడం ముస్తాబు కాదు.

తాళం వేసిన మిద్దె ఎందుకు త్వరగా పాడవుతుందో ఇక్కడ గ్రహించవచ్చు. మనుషులున్నప్పుడు ఎవరో ఒకరు మిద్దె ఎక్కి వడియాలు ఆరబెడతారు, రాత్రి పడుకుంటారు. బీటను చూసి రెండు గంపల చౌడు పోస్తారు. మనుషులు లేని ఇంటి మీద ఆ బీట వాన పడిన ప్రతిసారీ పెద్దదవుతుంది. రెండు మూడు వర్షాకాలాలు చాలు, మట్టి కరిగి దూలం కూలడానికి. బెంగుళూరులో ఉన్న కుటుంబం ‘ఇంకా మంచి ధర వచ్చినప్పుడు అమ్ముదాం’ అని ఆగినప్పుడు స్థలం ధర పెరిగినా ఇంటి ధర తరిగిపోతూ ఉంటుంది. చివరికి కొనేవాడు ఖాళీ స్థలానికి కట్టే వెలనే కడతాడు. పైగా కూలిన మట్టిని ఎత్తిపోయడానికయ్యే ఖర్చును అందులోనుంచి తగ్గించమంటాడు.

కప్పు గట్టిపడిన తరువాతనే గోడల వంతు. సున్నపురాయిని కాల్చగా వచ్చిన సున్నంలో నీరు పోస్తే అది కుతకుత ఉడికి విరుగుతుంది. దానిని వడగట్టి, జిగురు కలిపి, తెలుపు మెరవడానికి కొంచెం నీలిమందు వేసి గోడకు పూస్తారు. పూసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. అందువల్లనే వెల్ల వేసిన మరునాటి కంటె వారం తరువాత గోడ తెల్లగా కనిపిస్తుంది. చూడవచ్చేవారు ఆదివారం వస్తారనగా శనివారం వెల్ల వేయడం అవివేకం. మట్టితోను, రాతితోను కట్టిన గోడకు సున్నమే తగినది. గోడలోని తేమ సున్నంలో నుంచి బయటకు పోగలదు. సిమెంటు పూత, నూనె రంగులు ఆ తేమను లోపలనే బంధిస్తాయి. కొంతకాలానికి పూత పొక్కులెత్తి ఊడిపోతుంది. తెలుపు మరొక మేలు కూడా చేస్తుంది. ఏప్రిల్, మే నెలలలో నలభై డిగ్రీలు దాటే ఎండను అది తిప్పికొడుతుంది. మట్టిమిద్దె కింద మధ్యాహ్నం కూర్చున్నవానికి సిమెంటు కప్పు ఇంటికి, దీనికి గల భేదం చెప్పనక్కరలేదు. ఆ చల్లదనాన్ని చూడవచ్చినవాడు అనుభవించాలంటే అతనిని కాసేపు కూర్చోబెట్టి మజ్జిగ ఇవ్వాలి. నిలువుకాళ్ల మీద చూసి పోయేవాడికి మిద్దె గుణం తెలియదు.

నేల విషయంలో ఈ ప్రాంతం అదృష్టం చేసుకున్నది. తాడిపత్రి బండలు పరచిన నేల తరతరాలు నిలుస్తుంది. దానిని మెరిపించాలన్న ఆత్రంతో కొందరు స్నానపు గదులలో వాడే ఆసిడ్ పోసి కడుగుతారు. ఆ బండ సున్నపురాతి జాతిది. ఆసిడ్ తగలగానే నురుగులెత్తి పైపొర తినివేయబడుతుంది. నునుపు పోయి మచ్చలు మిగులుతాయి. ఉత్త నీళ్లు, కొబ్బరిపీచు, కొంచెం ఓపిక చాలు. పాత ఇళ్లలో నడిమింటి కప్పుకు వెలుతురు కోసం వదిలిన గవాచి ఉంటుంది. దాని మీద ఏళ్ల తరబడి కప్పిన రేకునో, బండనో తొలగించి అద్దం అమర్చితే చీకటి ఇంట్లోకి పగలు దిగివస్తుంది. ఇంతకంటె తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చే మార్పు మరొకటి లేదు. ఇక వాస్తు సంగతి. వాకిలి ఎటు చూస్తున్నది, నీళ్లు ఏ మూలన ఉన్నవి అని అడగని కొనుగోలుదారు అరుదు. అతని నమ్మకం కోసం గట్టి గోడను పగులగొట్టి ద్వారం మార్చడం అమ్మేవాడి పని కాదు. ఆ పగులగొట్టే పనిని కొన్నవాడు తన ఖర్చుతో చేసుకొంటాడు. చాలామంది కొన్న తరువాత ఆ మాటే మరచిపోతారు.

ఇవన్నీ ఒక ఎత్తు, నీళ్లు ఒక ఎత్తు. అనంతపురం పల్లెలో ఇల్లు చూడవచ్చిన మనిషి దేవుని గూటి కంటె ముందు బోరు ఎక్కడని అడుగుతాడు. మీట నొక్కమంటాడు. మోటారు గుర్రుమని, గొట్టం నిండుగా నీరు దూకితే అతని ముఖం వికసిస్తుంది. ఇక్కడనే అమ్మేవాని మనస్సుకు పరీక్ష ఎదురవుతుంది.

ఈ పీఠభూమి అడుగున ఉన్నది చాలావరకు గ్రానైటు జాతి గట్టిరాయి. ఇసుక నేలలలో వలె ఈ రాతిలో నీరు అంతటా నిండి ఉండదు. రాతి పగుళ్లలోను, నెర్రెలలోను మాత్రమే నిలుస్తుంది. రాత్రంతా మోటారు ఆపి ఉంచితే చుట్టుపక్కల నెర్రెల నుంచి నీరు మెల్లగా ఊరి బోరు గుంతలో పైకి చేరుతుంది. తెల్లవారి మోటారు వేయగానే ఆ నిలువనీరు నిండుగా వస్తుంది. అరగంటకో గంటకో నిలువ తరిగి, ధార సన్నబడి, గాలి బుడగలతో దగ్గడం మొదలుపెడుతుంది. ఈ సంగతి ఎరిగినవాడు రెండు రోజులు మోటారు వేయకుండా ఆపి, కొనేవానిని ఉదయం ఏడు గంటలకు రప్పించి, పావుగంట నీరు చూపించి, ‘కాఫీ చల్లారిపోతుంది రండి’ అని లోపలికి తీసుకొనిపోవచ్చు. సెప్టెంబరు, అక్టోబరు వానల వెనుక ఊరిలోని బోర్లు కాస్త తేరుకొని ఉన్నప్పుడు బేరం ముగించవచ్చు. గోడకు వేసిన సున్నం వలె ఇదీ ఒక ముస్తాబే. కాని సున్నం ఉన్న గోడను అందంగా చూపుతుంది. ఈ ముస్తాబు లేని నీటిని ఉన్నట్లు చూపుతుంది.

తెలిసిన కొనుగోలుదారు దీనికి లొంగడు. మే నెలలో, మధ్యాహ్నం వేళ, ముందే రెండు మూడు గంటలు నడిచిన మోటారు ధారను చూస్తాడు. ఒక బిందె నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో లెక్కిస్తాడు. గంట తరువాత మళ్లీ లెక్కిస్తాడు. బోరు ఎన్ని అడుగులు, మోటారును ఎన్ని అడుగుల వద్ద దించారు, ఆ తరువాత ఎన్నిసార్లు ఇంకా కిందికి దించారు అని పక్కింటివారిని విచారిస్తాడు. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం బావులు, బోర్ల నమోదును తప్పనిసరి చేసింది. ఆ కాగితమూ అడుగుతాడు. కాబట్టి నిజంగా నీరున్న ఇంటివాడు చేయవలసిన ముస్తాబు ఎదురు పరీక్షకు తానే సిద్ధపడడం. ఎండాకాలంలోనే ఇల్లు చూపించి, ‘మీకు ఇష్టమైనంతసేపు మోటారు వేసుకోండి’ అనగలిగిన మాట వంద తోరణాలకు సమానం. నీరు తక్కువైన ఇంటివాడు కూడా ఆశ వదులుకోనక్కరలేదు. సంపు కట్టించి, మిద్దె నీటిని అందులోకి మళ్లించి, పంచాయతీ కొళాయి ఏ రోజుల్లో, ఎంతసేపు వస్తుందో చెప్పగలిగితే అది ఒక బోరుకు కాకున్నా సగం బోరుకు సాటి.

నీటి పరిమాణమే కాదు, గుణమూ చూడాలి. ఈ జిల్లాలలోని పలు గ్రామాల భూగర్భజలంలో ఫ్లోరైడు అధికం. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని భారతీయ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. అంతకుమించిన నీటిని ఏళ్ల తరబడి తాగిన పిల్లల పళ్లు గారపడతాయి. పెద్దల ఎముకలు, కీళ్లు బిగుసుకొనిపోతాయి. రుచిలోను, రంగులోను ఈ దోషం తెలియదు. 1990 దశకం మధ్యలో శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు చేపట్టిన తాగునీటి పథకం ఏడు వందలకు పైగా గ్రామాలకు నీరందించడానికి ఉద్దేశించినది కావడం ఇక్కడి నీటి పరిస్థితి ఎంత తీవ్రమైనదో తెలుపుతుంది. బోరు నీటిని పరీక్ష చేయించి ఆ పత్రాన్ని ఇంటి కాగితాలతో పాటు ఉంచడం అమ్మేవానికి స్వల్ప వ్యయం.

దోషం బయటపెడితే ధర పోదా అన్న సందేహం సహజం. కొంత పోతుంది. అయితే చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, తనకు తెలిసి కొనేవానికి తెలియని ముఖ్యమైన లోపాన్ని, సాధారణ జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేనటువంటి దానిని, అమ్మేవాడు తెలియజేయవలసినదే. తెలియజేయకపోవడాన్ని ఆ చట్టం మోసంగా పరిగణిస్తుంది. ఏది కనిపెట్టగలిగినది, ఏది కానిది అన్న విచక్షణ ఇందులో ముఖ్యం. గోడ మీద నిలువునా ఉన్న చీలికను కళ్లున్నవాడెవడైనా చూడగలడు. ముంగిట్లో పూడ్చిన జొన్నపాతరను ఎవరు చూడగలరు? వెనుకటి రోజులలో ధాన్యం దాచడానికి నేలలో తవ్విన ఆ గుంతను పైపైన మట్టితో కప్పి, పేడతో అలికి, ముగ్గు పెట్టి ఉంటే అది నేలగానే కనిపిస్తుంది. ఒక పెద్దవాననాడు, లేదా ఇసుక లారీ ముంగిట్లోకి వచ్చిననాడు, నేల కుంగుతుంది. చెమ్మకు ఉప్పు పొంగిన గోడపై కొత్త సున్నం పూయడమూ ఇటువంటిదే. మూడు నెలలు నిగనిగలాడి నాలుగో నెల మళ్లీ పొరలు పొరలుగా రాలుతుంది.

అర్థశాస్త్రవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో రాసిన ఒక వ్యాసం ఈ చిక్కును పాత కార్ల సంత ఉదాహరణతో వివరించింది. వస్తువు గుణదోషాలు అమ్మేవానికి తెలిసి కొనేవానికి తెలియనప్పుడు, కొనేవాడు మోసపోతానన్న భయంతో మంచి వస్తువుకు కూడా తక్కువ ధరే చెబుతాడు. ఆ ధరకు గిట్టక మంచి వస్తువులవాళ్లు సంత నుంచి తప్పుకొంటారు, నాసిరకం మిగులుతుంది. ఈ పరిశోధన రంగంలో చేసిన కృషికి ఆయన 2001లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకొన్నారు. ఆయన కార్లను గురించి చెప్పినది బోర్లకు కూడా వర్తిస్తుంది. ఒక ఊరిలో నలుగురు తడిచూపి ఎండబోరు అంటగడితే, ఐదవవాని నిండుబోరుకు కూడా ధర పలకదు.

కాగితాల ముస్తాబు కంటికి కనిపించదు గాని బేరాలు ఎక్కువగా తెగిపోయేది ఇక్కడనే. పల్లెలలో చాలా ఇళ్లు గ్రామకంఠంలో ఉంటాయి. పొలాలకున్నట్లు వీటికి ప్రత్యేకమైన సర్వే నంబర్లు, పట్టాలు ఉండవు. ఇంటిపన్ను రసీదులు, పాత పారీఖత్తులు, విద్యుత్తు బిల్లులే ఆధారాలు. ఇటువంటి ఇళ్లకు హక్కు పత్రాలివ్వడానికి 2020లో కేంద్రం స్వామిత్వ పథకాన్ని ప్రారంభించింది. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన స్థలమైతే 1977 నాటి ఆంధ్రప్రదేశ్ అసైన్డు భూముల చట్టపు ఆంక్షలు, వాటికి తరువాత వచ్చిన సవరణలు చూసుకోకుండా అడ్వాన్సు పుచ్చుకోరాదు. స్థిరాస్తి అమ్మకపు దస్తావేజును 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. ఇంటి మీద బ్యాంకు తాకట్టు ఉన్నదా లేదా అన్నది సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే ఇ.సి. చెబుతుంది. 1998లో రాష్ట్రంలో రిజిస్ట్రేషన్లు కంప్యూటరీకరణ చెందిన తరువాత దానిని పొందడం తేలికైనది.

అన్నిటికంటె తరచుగా మరచిపోయేది ఆడపడుచుల సంతకం. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు కుమారులతో సమాన వాటా కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. అది 1985 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చినట్లు పరిగణించారు. దేశవ్యాప్తంగా అదే న్యాయం 2005 సవరణతో వచ్చింది. అయినా తాతల నాటి మిద్దెను అన్నదమ్ములిద్దరే బేరం పెట్టి, అడ్వాన్సు తీసుకొని, రిజిస్ట్రేషను రేపనగా చెల్లెలికి ఫోను చేయడం కనిపిస్తూనే ఉంటుంది. పుట్టినింటిని అమ్ముతున్న సంగతి పరాయివారి ద్వారా విన్న ఆడపిల్ల సంతకం పెట్టడానికి మొరాయిస్తే ఆ తప్పు ఆమెది కాదు. సున్నపు బకెట్టు తేవడానికి ముందే ఆమెకు కబురు పంపవలసినది. వెల్ల వేసే రోజున ఆమె వచ్చి, తాను పుట్టి పెరిగిన గదిని తానే ఊడ్చి వెళితే కుటుంబానికి కోర్టు ఖర్చు తప్పుతుంది.

బేరం సాగే వేళ కొనేవాని చూపు గోడల మీదనే ఉండదు. మూటలు కట్టి ఉన్నవా, ముసలితల్లి మందులకు డబ్బు లేదా, వడ్డీవాడు వాకిట్లో తిరుగుతున్నాడా అని కూడా గమనిస్తాడు. అవసరం తెలిసిన మరుక్షణం ధర దిగుతుంది. అందువల్ల అమ్మదలచినవారు గొంతు మీదికి వచ్చిన తరువాత గాక, ఒక పంటకాలం ముందుగానే నిర్ణయించుకోవడం మేలు. ముందుగా నిర్ణయించుకున్నవారికే చౌడు పోయించడానికి, నీరు పరీక్ష చేయించడానికి, కాగితాలు సరిచూసుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఊరు వదిలినవారైతే పక్కింటివారికి తాళంచెవి ఇచ్చి, వారానికొకసారి ఊడ్చి కల్లాపి చల్లే ఏర్పాటు చేయాలి. సాయంకాలం దీపం వెలిగే ఇంటికి ఒక ధర, గబ్బిలాలు ఎగిరే ఇంటికి ఒక ధర.

రిజిస్ట్రేషను ముగిసి తాళంచెవులు చేతులు మారే రోజున ఇంటి పెద్ద చేయవలసిన పని ఇంకొకటి మిగిలి ఉంటుంది. కొత్తవారిని వెంటబెట్టుకొని మిద్దె ఎక్కాలి. పెద్దవాన పడితే ఏ దోనె ముందుగా పూడుకొనిపోతుందో, ఈశాన్యపు గాలివానకు ఏ గోడ తడుస్తుందో చూపించాలి. చౌడు ఏ చెరువు కట్ట కింద దొరుకుతుందో, దానిని పరిచే పని ఊరిలో ఇంకా ఎవరికి తెలుసో చెప్పాలి. కిందికి దిగి వచ్చి, మోటారు మీట వద్ద నిలబడి, వేసవిలో ఎన్ని నిమిషాలకు ఆపాలో చెప్పాలి. పూడ్చిన పాతర ఉంటే దాని మీద ఒక బండ వేసి గుర్తు పెట్టాలి. అప్పుడు చెవులు ఇవ్వవచ్చు.